ఫ్రీ కనెక్షన్ ఎంతవుతాదన్నా?

మా గేటుకు ఎవరో తగిలించి పోయిన కాగితం మీద పెద్ద అక్షరాల్లో ‘ఇన్‌స్టలేషన్ ఉచితం’ అని ఉంది. ఫోన్ చేస్తే మరుసటి రోజే ఒక అన్న బైక్ మీద వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. వీధి మధ్యలో నిలబడి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటూ మూల దాకా పోయి, తిరిగొచ్చి లెక్క చెప్పాడు. వైరుకు రెండు వేలు, డివైసుకు పదిహేను వందలు, ఆరు నెలల అడ్వాన్సు. నెలకు 500 ప్లాన్, 18 శాతం జీఎస్టీ కలిపితే 590. ఆరు నెలలకు 3,540. మొత్తం 7,040 రూపాయలు.

“ఫ్రీ అన్నారు కదన్నా?”

“ఫ్రీనేప్పా. బాక్సు యాభై మీటర్లలోపల ఉంటే ఫ్రీ. మీకు బాక్సు ఆ మెయిన్ రోడ్డు కాడుంది.”

“వైరు డబ్బులకు బిల్లు ఇస్తావా అన్నా?”

నవ్వాడు. పోతూ పోతూ ఇంకో మాట అడిగాడు. “మీ వీధిలో ఇంకెవరన్నా పెట్టించుకుంటారా? ముగ్గురుంటే చెప్పు, వైరు డబ్బులు వద్దులే.”

ఇంట్లో ఒక మగ్గం మీద బతికే కుటుంబం మాది. ధర్మవరంలో ఇలాంటి ఇళ్ళు వీధికి ఎన్నో. 7,040 అనేసరికి అమ్మ పైకి ఏమీ అనలేదు గానీ ముఖంలో లెక్క కనబడింది. నాకేమో హాట్‌స్పాట్ మీద రాసిన ఆన్‌లైన్ టెస్టు రెండుసార్లు మధ్యలో తెగిపోయింది. కెమెరా ఆగిపోతే ఆ సాఫ్ట్‌వేర్ మనల్ని దొంగను చూసినట్టు చూస్తుంది, మీకూ తెలిసే ఉంటుంది. కనెక్షన్ కావాలి. అయితే ఆ 7,040లో నిజంగా ఖర్చు ఎంత, బేరం ఎంత, పక్కింటివాళ్ళు చేరితే నా వైరు ధర ఎందుకు తగ్గాలి? ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతటవే తేలిపోయాయి.

ముందు ‘ఫైబర్’ అనే మాట సంగతి. మన ఊళ్ళలో ఈ పేరుతో మూడు రకాలు అమ్ముతున్నారు. మొదటిది అసలు ఫైబర్. గాజు తీగ ఇంట్లోకే వచ్చి, గోడకున్న డివైసులో దిగుతుంది. రెండోది, గాజు తీగ స్తంభం దాకానో, బిల్డింగు మెట్ల కింద దాకానో వచ్చి, అక్కడినుంచి మామూలు లాన్ వైరు, అంటే రాగి, ఇంట్లోకి వచ్చేది. మూడోది 2023లో మొదలైన ఎయిర్‌ఫైబర్. పేరులో ఫైబర్ ఉన్నా మేడ మీద పెట్టే పెట్టెకు వచ్చేది 5జీ సిగ్నల్. ఏదీ మోసం కాదు, కానీ మూడింటికీ ఒకే ధర ఇవ్వకూడదు. తేడా కనుక్కోవడం సులువు. ఇంట్లోకి వచ్చే వైరు చివర పచ్చరంగు (కొన్నిచోట్ల నీలం) చదరపు కనెక్టర్ ఉంటే గాజు. ఫోన్ జాక్‌కు అన్నలాగా ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే రాగి.

“వైరులో ఏముంటాదిరా?” అని అమ్మ అడిగితే “గాజు” అన్నాను. తన చేతికున్న గాజులు చూసుకుని “పగలదా?” అంది. పగులుతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ అన్న స్తంభాలు ఎందుకు లెక్కపెట్టాడో చూద్దాం. ఇళ్ళకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడేది జీపాన్ అనే పద్ధతి. ఈసీఈ వాళ్ళకు సిలబస్‌లో వస్తుంది, మిగతావాళ్ళు భయపడొద్దు. ఆఫీసులో ఉన్న ఒక పెట్టె (ఓఎల్‌టీ అంటారు) నుంచి ఒక గాజు తీగ బయల్దేరుతుంది. అందులో సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు కిందికి, 1.25 గిగాబిట్లు పైకి పోతాయి. కిందికి వచ్చే వెలుతురు 1490 నానోమీటర్లు, పైకి పోయేది 1310. రెండు రంగులు కాబట్టి ఒకే తీగలో ఎదురెదురుగా పోయినా గుద్దుకోవు. ఆ ఒక్క తీగను దారిలో స్ప్లిటర్లతో చీలుస్తారు. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. కాలువ నీళ్ళను మళ్ళకు పంచినట్టు వెలుతురును పంచడమే దాని పని. మొదట నాలుగుగా, వాటిలో ఒక్కోదాన్ని ఎనిమిదిగా చీలిస్తే ముప్పై రెండు ఇళ్ళు.

పంచిన ప్రతిసారీ వెలుతురు తగ్గుతుంది. నాలుగుగా చీలిస్తే సుమారు 7 డీబీ, ఎనిమిదిగా చీలిస్తే పదిన్నర డీబీ పోతాయి. కలిపి 17.5. మామూలుగా వాడే రకం పరికరాలకు మొత్తం నష్టం 28 డీబీ దాకా తట్టుకునే శక్తి ఉంటుంది. మిగిలిన పదిన్నరలో కనెక్టర్లకు, అతుకులకు రెండు తీసేయండి. పది కిలోమీటర్ల గాజుకు కిలోమీటరుకు 0.35 చొప్పున మూడున్నర తీసేయండి. ఇంకా 5 డీబీ చేతిలో ఉంటుంది. అంటే ఆఫీసు ఊరికి ఆ చివర ఉన్నా ఏం కాదు. మా ఇంటికీ మెయిన్ రోడ్డు బాక్సుకూ మధ్య దూరం 200 మీటర్లు అనుకున్నా నష్టం 0.07 డీబీ. వెలుతురుకు అది ఒక లెక్కే కాదు. నిచ్చెన ఎక్కి వైరు కట్టేవాడికే లెక్క.

(పక్కకు పోయి ఒక మాట. 1966లో చార్లెస్ కావో అనే ఆయన, గాజులో నష్టం కిలోమీటరుకు 20 డీబీ కంటే కిందికి తెస్తే చాలు, ఫోన్ మాటలు వెలుతురులో పంపొచ్చు అన్నాడు. 20 డీబీ అంటే కిలోమీటరు పోయేసరికి వందలో ఒక వంతు మిగలడం. దానికే అప్పట్లో గగనం. 1970లో కార్నింగ్ కంపెనీ 17కు తెచ్చింది. 2009లో కావోకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు మన వీధి స్తంభానికి వేలాడే వైరులో అది 0.35.)

సరే, ఖర్చుకు వద్దాం. ఆఫీసు పెట్టె ఖర్చు వేల ఇళ్ళ మీద పడుతుంది. మెయిన్ రోడ్డు వెంట వచ్చే కేబుల్ ఖర్చు వందల ఇళ్ళ మీద. వీధిలోని బాక్సు ఖర్చు ఎనిమిది ఇళ్ళ మీద. బాక్సు నుంచి మీ గుమ్మం దాకా వచ్చే డ్రాప్ వైరు మాత్రం అచ్చంగా మీ ఒక్కరిదే. దాన్ని ఎవరూ పంచుకోరు. అందుకే లెక్కంతా దాని పొడవు మీదకు వస్తుంది. వీధిలో ముగ్గురు ఉంటే అన్న మూడు పొడవాటి డ్రాప్ వైర్లు లాగడు. ఒకే కేబుల్ వీధిలోకి తెచ్చి, ఒక స్ప్లిటర్ బాక్సు బిగించి, మూడు చిన్న వైర్లు ఇస్తాడు. ఇంకా ఐదు పోర్టులు ఖాళీగా ఉంటాయి. రేపు ఎవరన్నా అడిగితే అరగంట పని. ముగ్గురు కావాలన్నది నా మీద దయతో కాదు, ఆ ఐదు పోర్టుల మీద ఆశతో.

ఆరు నెలల అడ్వాన్సు కూడా ఇక్కడినుంచే పుట్టింది. వైరు వేసేది చాలాసార్లు పెద్ద కంపెనీ కాదు, స్థానిక ఆపరేటర్. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలా ఊళ్ళలో ఇలా భాగస్వాముల చేతుల మీదుగానే వస్తుంది. వైరు, మనిషి, మరమ్మతు వాళ్ళవి, నెల బిల్లులో వాటా వాళ్ళకు. ఉదాహరణకు నెలకు 500 బిల్లులో సగం అతనిది అనుకుందాం. నా ఒక్కడి కోసం రెండు వేలు పెట్టి వైరు లాగితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిది నెలలు. జూన్‌లో కాలేజీ తెరిచాక నేను కనెక్షన్ పీకేయమంటే? అతని భయం అతనిది. అడ్వాన్సు ఆ భయానికి మందు. అది అర్థమయ్యాక నాకు అన్న మీద కోపం సగం తగ్గింది. బిల్లు ఇవ్వనన్న కోపం మాత్రం అట్లే ఉంది.

పెద్ద కంపెనీలూ ఇదే లెక్క వేరే మాటల్లో చెప్తాయి. 2019 సెప్టెంబర్‌లో జియో ఫైబర్ మొదలైనప్పుడు కనెక్షన్‌కు 2,500 కట్టాలి. అందులో 1,500 తిరిగి వచ్చే డిపాజిట్, 1,000 తిరిగి రాని ఇన్‌స్టలేషన్. మరుసటి ఏడాది 399 ప్లాన్ వచ్చింది, 30 ఎంబీపీఎస్. జీఎస్టీతో 470.82. అప్పట్లో బీఎస్ఎన్ఎల్ 449 ప్లాన్ కూడా 30 ఎంబీపీఎస్, జీఎస్టీతో 529.82. ప్రకటనలో కనిపించేది ఎప్పుడూ పన్ను లేని అంకె, కట్టేది ఎప్పుడూ పన్నుతో అంకె. ఏడాది ప్లాన్ తీసుకుంటే ఇన్‌స్టలేషన్ ఫ్రీ అని ఎవరన్నా అంటే, ఏడాదిపాటు మీరు పారిపోరన్న హామీని వాళ్ళు వెయ్యి రూపాయలకు కొంటున్నారని అర్థం. మీరు నిజంగా ఏడాది ఉండేవాళ్ళయితే మంచి బేరం. సెలవులకు మాత్రమే ఇంటికి వచ్చేవాళ్ళయితే కాదు.

ఈ విషయంలో మన రాష్ట్రం ఒక పెద్ద ప్రయోగమే చేసింది. ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానెళ్ళు, ఫోన్, మూడూ కలిపి. ఇంట్లో పెట్టే బాక్సు ఖర్చు వేరే. అంత తక్కువకు ఎలా అంటే, వాళ్ళు భూమి తవ్వలేదు. కరెంటు స్తంభాల మీద సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. ఇంటింటికీ చివరి వైరు పని ఊళ్ళలో అప్పటికే ఉన్న కేబుల్ టీవీ ఆపరేటర్లకు ఇచ్చారు. మన అనంతపురం వైపు నేల సంగతి మీకు తెలుసు కదా, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు వస్తాయి. పెనుకొండ కొండ కింద కేబుల్ కోసం గాడి తీయాలంటే ఏమవుతుందో ఊహించండి. తవ్వడం, రోడ్డు కోసినందుకు కట్టడం, మళ్ళీ పూడ్చడం, ఇవన్నీ కేబుల్ ధర కంటే ఎక్కువ. స్తంభాలు అప్పటికే నిలబడి ఉన్నాయి.

స్తంభమూ ఊరికే రాదు. 2021 సవరణ ప్రకారం కేంద్ర నియమాల్లో, పైన వేలాడే కేబుల్‌కు కిలోమీటరుకు ఒక్కసారి కట్టే పరిహారం వెయ్యి రూపాయలు దాటకూడదు. 2022 ఆగస్టు సవరణలో స్తంభం లాంటివాటి మీదుగా కేబుల్ వేస్తే ఒక్కోదానికి ఏడాదికి 100 అని పెట్టారు. 2025 జనవరి 1 నుంచి వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి గానీ, ఆ వంద రూపాయలతో ఒక లెక్క వేసి చూడండి. స్తంభానికీ స్తంభానికీ నలభై మీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఇరవై ఐదు స్తంభాలు, ఏడాదికి 2,500. ఆ కిలోమీటరులో యాభై కనెక్షన్లు ఉంటే ఇంటికి 50 రూపాయలు. రెండే ఉంటే 1,250. కేబుల్ అదే, స్తంభాలు అవే.

హాస్టల్‌లో నాతో ఉండే ఇద్దరిని అడిగాను. ఒకడిది హిందూపురం, ఒకడిది పెనుకొండ దగ్గర హైవే నుంచి లోపలికి పోయే పల్లె. 2011 జనాభా లెక్కల్లో హిందూపురం లక్షా 51 వేలు, ధర్మవరం లక్షా 21 వేలు. హిందూపురంవాడి ఇంటి ఎదుటి గోడకే బాక్సు ఉంది. బెంగళూరు కంపెనీలకు ఇంటినుంచి పనిచేసేవాళ్ళు ఆ వీధిలో నలుగురున్నారట. వాడికి ఇన్‌స్టలేషన్ నిజంగానే ఫ్రీ. వాడి గొడవ వేరే. అద్దె ఇల్లు, గోడకు రంధ్రం వేయొద్దని ఓనర్ పట్టు. చివరికి కిటికీ సందులోంచి తెచ్చారు. కిటికీ మూసిన ప్రతిసారీ వైరు నలుగుతోంది.

పెనుకొండవాడిది నాకంటే కష్టం. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, పక్కనే జాతీయ రహదారి 44 ఉంది, ఇంత పెద్ద దారి వెంట కేబుల్ పోకుండా ఉంటుందా అని వాడి వాదన. పోతుందేమో. కానీ హైవే వెంట పోయే కేబుల్ పల్లెకు కాదు. ఎక్స్‌ప్రెస్ రైలు మన ఊరిమీదుగా పోయినంత మాత్రాన ఆగుతుందా? ఆగాలంటే అక్కడ స్టేషన్ ఉండాలి, ఇక్కడ స్ప్లిటర్ ఉండాలి. వాడి పల్లెలో అడిగేవాడు వాడొక్కడే. గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తీసుకుపోవాలని 2011లో కేంద్రం మొదలుపెట్టిన పథకానికి ఇప్పుడు భారత్‌నెట్ అని పేరు. 2023 ఆగస్టులో దాని కొత్త రూపానికి 1,39,579 కోట్లు ఆమోదించారు. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ అక్కడినుంచి వాడి ఇంటికి రావాలన్నా మళ్ళీ అదే డ్రాప్ వైరు లెక్క. ప్రస్తుతానికి వాడు మేడ మీద 5జీ పెట్టె పెట్టుకున్నాడు. ఫైబర్ రాలేదని నేను వాడిని ఎగతాళి చేస్తాను గానీ, ఆ పరిస్థితిలో నేనైనా అదే చేస్తాను.

ఎవరూ ముందు చెప్పని ఖర్చు ఒకటి ఉంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే అదే రాగి తీగలో వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది. గాజులో కరెంటు రాదు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే ఫైబర్ బాగానే ఉంటుంది, మీ డివైసే చచ్చిపోతుంది. టెస్టు మధ్యలో డివైసు మళ్ళీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు. ఎక్కువ డివైసులు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి కాబట్టి రౌటర్ కోసమే అమ్మే చిన్న బ్యాటరీ యూపీఎస్ సరిపోతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. దీన్ని కూడా ఇన్‌స్టలేషన్ ఖర్చులోనే వేసుకోండి.

ఇక గాజు పగిలే సంగతి. డ్రాప్ వైరు పక్కన గట్టి ఊచలు ఉంటాయి కాబట్టి లాగితే ఊరికే తెగదు. వంచితే మాత్రం వెలుతురు మలుపు దగ్గర బయటికి కారిపోతుంది. మిగిలిన వైరును మేకుకు బిగించి చుట్టడం మన ఇళ్ళలో మామూలు అలవాటు. అలా చేయకుండా గిన్నె వెడల్పు చుట్టలా వదులుగా చుట్టి పెట్టమనండి. ఎలుకలు, కోతులు వేరే కథ. 2015లో వారణాసిలో కోతులు ఫైబర్ కేబుళ్ళు కొరికేస్తున్నాయని వార్తలు వచ్చాయి. తెగితే అతకడానికి వాడే స్ప్లైసింగ్ మిషన్ ఒక మంచి బైకు ఖరీదు ఉంటుంది. అందుకే ఆ అన్న పిలవగానే రాడు. ఊరికి ఒకటో రెండో మిషన్లు, తెగే వైర్లు ఎన్నో. వైరు తెగితే డబ్బు ఎవరు పెట్టుకోవాలో కనెక్షన్ రోజే అడిగి పెట్టుకోండి, తెగిన రోజు కాదు.

నేను అడిగినవి ఇంకో రెండు. డివైసుకు తీసుకునే పదిహేను వందలు డిపాజిట్టా, అమ్మకమా? డిపాజిట్ అయితే ఆ మాట రసీదు మీద రాయాలి. అమ్మకం అయితే డివైసు నాది, కనెక్షన్ మానుకున్నా వెనక్కి ఇవ్వను. రెండోది, పోయే ముందు పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించాలి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్యలో ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గర ఉంటే ఆ రోజు నడుస్తుంది, కనెక్టర్‌కు కాస్త దుమ్ము పడితే ఆగిపోతుంది. మనం ఇంజనీరింగ్ చదువుతున్నామని తెలిస్తే వాళ్ళు సంతోషంగానే చూపిస్తారు. మీటర్ అడిగినవాడిని నేనే మొదటిసారి చూశానని ఆ అన్న అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియదు.

మేము వెంటనే పెట్టించుకోలేదు. నాలుగు రోజులు వీధిలో తిరిగాను. చీరల ఫొటోలు, వీడియోలు వాట్సాప్‌లో పెట్టి అమ్మే అక్క ఒకామె వెంటనే సరే అంది. వీడియో కాల్‌లో అంచు రంగు సరిగా కనబడక బేరాలు పోతున్నాయట. జకార్డ్ డిజైన్లు కంప్యూటర్‌లో వేసే మామ ఒకాయన, ఆరు నెలల అడ్వాన్సు మూడు నెలలు చేయిస్తే వస్తానన్నాడు. అన్నకు ఫోన్ చేసి ముగ్గురమయ్యాం అని చెప్పి, అడ్వాన్సు సంగతి మామతో మాట్లాడించాను. మగ్గాల వీధిలో బేరం నాకంటే ఆయనకే బాగా వచ్చు. మూడు నెలలకు దిగింది.

ఇంటికి 1,770 అడ్వాన్సు, 1,500 డిపాజిట్, రసీదుతో. వైరుకు ఏమీ లేదు. 7,040 కాస్తా 3,270 అయింది. అందులో 1,500 ఎప్పటికైనా తిరిగి వచ్చేది, మిగతాది ఎలాగూ కట్టాల్సిన అద్దె. బాక్సు మా స్తంభానికి కాదు, మామ ఇంటి ముందు స్తంభానికి బిగించారు. రీడింగ్ మైనస్ 21.

పక్క వీధిలో ఇప్పుడు ఇద్దరున్నారు. మూడో ఇంటి కోసం చూస్తున్నారు.